కుడి సీటు చదువు

విమానయాన సంస్థలో కొత్తగా ఉద్యోగం దొరికిన పైలట్లు విమానం నడపడం నేర్చుకోవడానికి అక్కడికి వెళ్లరు; ఆ విద్య వచ్చినట్టు ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు చేతిలో పట్టుకునే ఆ గడప తొక్కుతారు. ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి, 18 ఏళ్లు నిండి, క్లాస్ వన్ అనే కఠినమైన వైద్య పరీక్షలో నెగ్గి, వాతావరణం, గగన మార్గ నిర్ణయం, నిబంధనలు, విమాన సాంకేతికాంశాల మీద పరీక్షలు రాసి, 200 గంటలు గాలిలో విమానం నడిపినవారికి పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే అందరూ డీజీసీఏ అని పిలిచే నియంత్రణ సంస్థ, వాణిజ్య పైలట్ లైసెన్సు ఇస్తుంది. అయితే ఆ 200 గంటల్లో ఎక్కువ భాగం సెస్నా 172 లాంటి నాలుగు సీట్ల, ఒకే ఇంజిన్ విమానంలో గడుస్తాయి. నిండుగా ఎక్కినా దాని బరువు టన్నుకు కాస్త ఎక్కువ, దాన్ని నడపడానికి ఒక్క మనిషి చాలు. ఉద్యోగంలో చేరాక కూర్చోబోయే ఏటీఆర్ 72 నేల విడిచేటప్పుడు 23 టన్నుల దాకా తూగుతుంది, ఎయిర్‌బస్ ఏ320 అయితే దాదాపు 79 టన్నులు, వాటికి ఇద్దరు పైలట్లు కావాలి. కొత్తవారికి ఇచ్చే శిక్షణ బరువు చుట్టూ కంటే ఈ ఇద్దరు అనే మాట చుట్టూనే ఎక్కువగా తిరుగుతుంది.

నంద్యాల జిల్లా మిడుతూరు వారికి ఈ సంగతి ఇప్పుడు మరీ దూరపుది కాదు. పొరుగున ఓర్వకల్లులో కట్టిన కర్నూలు విమానాశ్రయం 2021 మార్చి 25న ప్రారంభమై, అదే నెల 28 నుంచి బెంగళూరు, విశాఖపట్నం, చెన్నై నగరాలకు ఇండిగో విమానాలతో నడక మొదలుపెట్టింది. ఆళ్లగడ్డ వైపున్న ఉయ్యాలవాడ నుంచి ఈస్టిండియా కంపెనీ పాలన మీద 1846లో తిరగబడి, మరుసటి ఏడాది ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబం ఎక్కిన నరసింహారెడ్డి పేరు ఆ విమానాశ్రయానికి పెట్టారు. దాని రన్‌వే, అంటే విమానాలు పరుగుతీసే దారి, 2000 మీటర్లు. అక్కడికి వచ్చిపోతున్నవి రెక్కల ముందు ప్రొపెల్లర్లు తిరిగే ఏటీఆర్‌లు. శనగ చేలో పనిచేసేవారు తల ఎత్తి చూసే ఆ విమానం ముందుభాగంలో ఎడమ సీటులో కెప్టెన్, కుడి సీటులో ఫస్ట్ ఆఫీసర్, వాడుకలో కో పైలట్, కూర్చుంటారు. కొత్తగా చేరినవారి స్థానం ఆ కుడి సీటు. అక్కడికి చేరడానికి పట్టే నెలల్లో వారి చేతులు నేర్చుకునేదాని కంటే నోరు నేర్చుకునేది ఎక్కువ అన్నది ఈ రంగానికి వెలుపల అంతగా తెలియని సత్యం, ఈ ప్రాంతం నుంచి ఆ దారి పట్టాలనుకునే పిల్లలకు అన్నింటికంటే ముందు తెలియవలసిన సత్యం కూడా.

ముందు నిరీక్షణ, తర్వాత బాండు

లైసెన్సుకూ ఉద్యోగానికీ మధ్య ఉండే ఖాళీని గురించి విమాన శిక్షణ సంస్థల ప్రకటనలు మాట్లాడవు. లైసెన్సు సంపాదించడానికే అరకోటి రూపాయలు దాటడం మామూలు. ఒక ప్రత్యేక రకం విమానాన్ని నడపడానికి కావలసిన అర్హతను, అంటే టైప్ రేటింగ్‌ను, సొంత డబ్బుతో చేసుకోవలసి వస్తే ఇంకొన్ని లక్షలు చేరతాయి. ఇంత పెట్టినవారిలో కొందరికి వెంటనే పిలుపు వస్తుంది, కొందరు ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు, ఎందుకంటే సంస్థలు కొత్త విమానాలు తెచ్చుకునే వేగాన్ని బట్టి, మూతపడిన సంస్థల నుంచి బయటికి వచ్చిన అనుభవజ్ఞుల సంఖ్యను బట్టి నియామకాలు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చిన బేకరీ ఉద్యోగి కుమార్తె సయ్యదా సల్వా ఫాతిమా ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలో చదివి లైసెన్సు అందుకున్నాక కూడా, తర్వాతి మెట్టుకు తెలంగాణ ప్రభుత్వ ఆర్థిక సాయం అవసరమైంది. మెట్ట సేద్యం మీద బతికే ఇంట్లో పొలం తాకట్టు పెట్టి పిల్లల్ని ఈ చదువుకు పంపే ముందు లైసెన్సు దాకా అయ్యే ఖర్చునే లెక్క వేసుకోవడం పొరపాటు. లైసెన్సు చేతికి వచ్చాక ఆదాయం లేకుండా గడిచే కాలానికి కూడా లెక్క వేయాలి.

పిలుపు వచ్చాక రాత పరీక్ష, చేతికీ కంటికీ పొందిక చూసే కంప్యూటర్ పరీక్షలు, మనస్తత్వ పరీక్ష, బృందంగా చేయవలసిన పని, ఇంటర్వ్యూ ఉంటాయి. చాలాచోట్ల సిమ్యులేటర్‌లో, అంటే విమానాన్ని అనుకరించే యంత్రంలో, కూడా కూర్చోబెట్టి చూస్తారు. ఎంపికైనవారు సంతకం చేసే కాగితాల్లో బాండు ఒకటి. శిక్షణకు సంస్థ ఖర్చు పెడుతుంది కాబట్టి ఇన్నేళ్లు ఇక్కడే పనిచేస్తామని, మధ్యలో వెళ్లిపోతే ఇంత చెల్లిస్తామని ఇచ్చే హామీ అది. సంతోషంలో చదవకుండా సంతకం పెట్టే కాగితం కూడా అదే కనుక, దాన్ని ఇంటికి తెచ్చుకుని, తెలిసిన వకీలుకు చూపించి, శిక్షణలో విఫలమైతే ఏమవుతుందో రాసిన భాగాన్ని ఒకటికి రెండుసార్లు చదువుకోవడం మంచిది.

గోడ మీద కాక్‌పిట్

మొదటి వారాలు తరగతి గదిలో గడుస్తాయి. సంస్థ నియమాలు, విమానాశ్రయ భద్రత, విమానంలో తీసుకెళ్లకూడని ప్రమాదకర వస్తువులు, ప్రథమ చికిత్స వంటివి త్వరత్వరగా సాగిపోతాయి. వీటి మధ్య అత్యవసర భద్రతా శిక్షణ ఒకటి మాత్రం ఒంటికి పని చెబుతుంది. నమూనా విమానం తలుపు తెరిచి, గాలి నిండిన జారుడుబల్ల మీదుగా కిందికి దూకాలి. పొగ నిండిన గదిలో దారి వెతుక్కోవాలి. మంటలార్పే సిలిండర్ నిజంగా వాడాలి. లైఫ్ జాకెట్ వేసుకుని ఈత కొలనులోకి దిగి, తేలియాడే తెప్ప మీదికి ఎక్కాలి, ఇతరులను ఎక్కించాలి. కేసీ కాలువలో ఈత నేర్చుకున్న పిల్లలకు ఈ ఒక్క రోజు సులువుగా గడిచిపోవచ్చు.

ఆ తర్వాత టైప్ రేటింగ్ మొదలవుతుంది. ఈ భాగంలో విమానాన్ని అవయవాలుగా విడదీసి చదువుతారు: కరెంటు ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుంది, ఒక జనరేటర్ ఆగిపోతే ఏవి పనిచేస్తాయి, ఏవి ఆగుతాయి, కేబిన్‌లో గాలి ఒత్తిడిని ఏది నిలబెడుతుంది, మంచు పేరుకుంటే ఎక్కడ ఎలా కరిగిస్తారు. ఎయిర్‌బస్ ఏ320లో చక్రాలు, రెక్కల కదిలే భాగాలు, బ్రేకులు పనిచేయడానికి ఒత్తిడితో నూనె లాంటి ద్రవాన్ని పంపే మూడు వేర్వేరు వ్యవస్థలున్నాయి. వాటికి ఆకుపచ్చ, నీలం, పసుపు అని పేర్లు, ఒకటి పోయినా మిగిలిన రెండూ విమానాన్ని నడిపిస్తాయి. ఏ రంగు పోతే ఏ బ్రేకు మిగులుతుందో అడిగితే తడుముకోకుండా చెప్పగలగాలి. కొద్ది వారాల్లో ఇంత చదవడం ఇంజనీరింగ్ పరీక్షలకు ముందురాత్రి చదివి గట్టెక్కిన అలవాటున్నవారికి కుదరదు, ఎందుకంటే ఇక్కడ చదివింది ఆ తర్వాతి వారమే చీకటి గదిలో, గంట మోగుతుండగా, గుర్తుకు రావాలి.

ఈ దశలో శిక్షణార్థుల గదుల గోడలను చూస్తే ఒక విచిత్రమైన దృశ్యం కనిపిస్తుంది. కాక్‌పిట్‌లోని మీటర్లు, స్విచ్చులు అన్నీ అసలు పరిమాణానికి దగ్గరగా అచ్చువేసిన పెద్ద కాగితాలను గోడకు అంటించుకుని, ముందు కుర్చీ వేసుకుని, ఇంజిన్ స్టార్ట్ చేసేందుకు ఏ స్విచ్చు తర్వాత ఏ స్విచ్చు నొక్కాలో వేలితో తాకుతూ గంటల తరబడి సాధన చేస్తారు. చేయి ఒక వరుసలో, పైనుంచి కిందికి లేదా ఎడమ నుంచి కుడికి, నీరు పారినట్టు సాగాలి కనుక దీన్ని ఫ్లో అంటారు. ఫ్లో పూర్తయ్యాక చెక్‌లిస్టు చదువుతారు. చేయవలసినవి చేశాక, చేశామా లేదా అని ఇద్దరూ గొంతెత్తి సరిచూసుకునే పట్టిక అది. ఒక్కరే కూర్చుని ఈ సాధన చేస్తే సగం చదువే వస్తుంది. పక్కన తోటి శిక్షణార్థిని కూర్చోబెట్టుకుని, ఒకరు అడుగుతూ మరొకరు జవాబిస్తూ, కాగితం విమానంలోనే కర్నూలు నుంచి విశాఖకు పోయి వచ్చినవారు ముందుకు సాగుతారు.

వీ వన్ దగ్గర

సిమ్యులేటర్ అంటే కంప్యూటర్ ఆట అనుకునేవారు దాన్ని బయటినుంచి ఒక్కసారి చూస్తే అభిప్రాయం మార్చుకుంటారు. ఆరు కాళ్ల మీద నిలబడ్డ, చిన్న గది అంత పెట్టె అది. ఆ కాళ్లు ఒక్కొక్కటి పొడవు పెరుగుతూ తగ్గుతూ గదిని ముందుకూ వెనక్కూ పక్కలకూ ఊపుతాయి. రన్‌వే మీద విమానం వేగం పుంజుకుంటున్నట్టు అనిపించడానికి గదిని మెల్లగా వెనక్కు వాలుస్తారు, వీపు సీటుకు ఆనుకుంటుంది, అద్దాల్లో రన్‌వే దీపాలు దూసుకొస్తుంటాయి, మనసు ఆ వాలునే వేగమని అనుకుంటుంది. లోపల ప్రతి మీటా, ప్రతి స్విచ్చూ అసలైనదే. ఇద్దరు శిక్షణార్థులు, వెనుక కూర్చుని కంప్యూటర్ తెరమీద వేలు పెట్టి ఇంజిన్లు ఆపేసే శిక్షకుడు, ముందు గంటకు పైగా వివరణ, లోపల నాలుగు గంటలు, బయటికి వచ్చాక మళ్లీ జరిగిన తప్పుల మీద చర్చ. ఒక పాఠం ఇలా నడుస్తుంది. ఈ యంత్రాలు ఖరీదైనవి కనుక పగలూ రాత్రీ నడుపుతారు, కొత్తవారికి అర్ధరాత్రి రెండింటికి పాఠం పడటం మామూలు.

సిమ్యులేటర్‌లో అందరూ ఎదుర్కొనే పాఠం ఒకటుంది. పరుగు మొదలైన విమానానికి వీ వన్ అనే ఒక వేగం ముందే లెక్కకట్టి ఉంటుంది. ఆ వేగం దాటకముందు ఏదైనా తేడా వస్తే బ్రేకు వేసి ఆగవచ్చు, దాటాక రన్‌వే చాలదు కనుక ఏం జరిగినా లేవవలసిందే. శిక్షకులు సరిగ్గా ఆ క్షణంలో ఇంజిన్ ఒకటి ఆపేస్తారు. ఏటీఆర్‌లో అయితే ఆగిన ఇంజిన్ ప్రొపెల్లర్ గాలికి అడ్డుగా నిలబడి విమానాన్ని ఆ పక్కకు లాగుతుంది. దాన్ని ఆపడానికి విమానం తనంతట తానే ప్రొపెల్లర్ రెక్కలను గాలికి అంచుగా తిప్పేస్తుంది, దీన్ని ఫెదరింగ్ అంటారు. పైలట్ రెండో పక్క పెడల్ మీద బలంగా కాలు మోపి, ముక్కును నేరుగా నిలిపి, మిగిలిన ఒక్క ఇంజిన్‌తో పైకి తీసుకుపోవాలి. తొలి ప్రయత్నాల్లో విమానం తాగినవాడి నడకలా పక్కలకు ఊగుతుంది, తొడ కండరాలు వణుకుతాయి. పది పన్నెండుసార్లు చేశాక కాలికి పని తెలుస్తుంది.

కాలికి తెలిసినంత త్వరగా నోటికి తెలియదు, అసలు ప్రమాదం పొంచి ఉన్నది అక్కడే. 2015 ఫిబ్రవరి 4న తైపే నుంచి బయల్దేరిన ట్రాన్స్‌ఏషియా సంస్థ ఏటీఆర్ 72లో కుడి ఇంజిన్ ప్రొపెల్లర్ తనంతట తాను ఫెదర్ అయింది. కెప్టెన్ బాగా పనిచేస్తున్న ఎడమ ఇంజిన్ లీవర్‌ను వెనక్కు లాగి, ఆపై దాన్ని ఆపేశాడు. విమానం నదిలో కూలి, 58 మందిలో 43 మంది చనిపోయారు. ఒక్క ఇంజిన్‌తో ఎగరగల విమానం అది. అందుకే సిమ్యులేటర్‌లో ఇంజిన్ ఆపే ముందు ఒక తంతు ఉంటుంది: విమానం నడుపుతున్నవారు లీవర్ మీద చేయి వేసి ఏ ఇంజిన్ అన్నది పైకి చెబుతారు, రెండోవారు మీటర్లు చూసి, చేతిని చూసి, కన్ఫర్మ్ అంటారు, ఆ మాట వినబడ్డాకే చేయి కదులుతుంది. ఒక్క క్షణం పట్టే ఈ మాట కోసం శిక్షకులు పాఠాన్ని పదేపదే ఆపి మొదటినుంచి చేయించడం కొత్తవారికి మొదట చాదస్తంగా అనిపిస్తుంది. అది చాదస్తం కాదని తెలుసుకున్న రోజున కుడి సీటు చదువు సగం పూర్తయినట్టు.

కాక్‌పిట్‌లో పని ఎప్పుడూ రెండుగా పంచుకుని ఉంటుంది: ఒకరు పైలట్ ఫ్లయింగ్, అంటే విమానాన్ని నడిపేవారు, రెండోవారు పైలట్ మానిటరింగ్, అంటే గమనిస్తూ, రేడియోలో మాట్లాడుతూ, వేగాలు, ఎత్తులు పైకి చదివేవారు. కెప్టెనే ఎప్పుడూ నడపాలని లేదు, ఒక ప్రయాణంలో ఒకరు, తర్వాతి దాంట్లో ఇంకొకరు నడపవచ్చు. చేతులు మారేటప్పుడు ‘ఐ హావ్ కంట్రోల్’ అని ఒకరు, ‘యూ హావ్ కంట్రోల్’ అని మరొకరు అంటారు, ఆ రెండు మాటలూ వినబడకుండా విమానం ఎవరి చేతిలోకీ మారదు. గమనించడం అంటే ఊరికే కూర్చోవడం అని కొత్తవారు అనుకుంటారు గానీ, ఎదుటివారి తప్పు కనిపించిన క్షణంలో దాన్ని మాటగా మార్చడం చేతిపని కంటే కష్టం.

పెద్దలకు ఎదురు చెప్పడం

1977 మార్చి 27న టెనెరిఫ్ దీవిలో పొగమంచు కమ్మిన రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు ఢీకొని 583 మంది చనిపోయారు. విమానయాన చరిత్రలో అంతకు మించిన ప్రమాదం లేదు. అనుమతి రాకుండానే పరుగు మొదలుపెట్టిన విమానం కెప్టెన్ తన సంస్థలో ఇతర పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదనుంచి తొలగిపోలేదేమో అని ఫ్లయిట్ ఇంజనీరు అనుమానం వెలిబుచ్చాడు, కెప్టెన్ తోసిపుచ్చాడు, ఆ తర్వాత కాక్‌పిట్‌లో ఎవరూ ఆయనను ఆపలేదు. దాని తర్వాత రేడియో భాషలో టేకాఫ్ అనే మాటను అసలు అనుమతి ఇచ్చేటప్పుడు, దాన్ని రద్దు చేసేటప్పుడు తప్ప మరెక్కడా పలకకూడదని నియమం వచ్చింది. అంతకంటే పెద్ద మార్పుగా, 1979లో నాసా జరిపిన సదస్సు నుంచి, కాక్‌పిట్‌లోని మనుషుల మధ్య మాటా మన్ననా ఎలా ఉండాలో నేర్పే శిక్షణ పుట్టింది. క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్, పొట్టిగా సీఆర్‌ఎం, అని పిలిచే ఆ పాఠం ఇవాళ ప్రతి సంస్థలోనూ కొత్తవారికి తప్పనిసరి.

ఆ పాఠం మన నేల మీద ఎంత అవసరమో 2010 మే 22న మంగళూరులో తెలిసింది. దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం ఎక్కువ ఎత్తులో, ఎక్కువ వేగంతో రన్‌వే వైపు దిగుతుంటే, కో పైలట్ గో అరౌండ్ అని, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి లేద్దామని, మూడుసార్లు చెప్పినట్టు విచారణలో తేలింది. కెప్టెన్ వినలేదు, విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు, ఎనిమిది మంది బతికారు. మూడుసార్లు చెప్పినవారు ఆ తర్వాత ఏం చేయాలన్న ప్రశ్న అప్పటినుంచి భారతీయ పైలట్ల శిక్షణ గదుల్లో వదలకుండా తిరుగుతోంది.

శిక్షణ ఇచ్చే జవాబు మెట్లు మెట్లుగా ఉంటుంది. ముందు కనిపించినదాన్ని కనిపించినట్టు చెప్పాలి, ఉదాహరణకు ‘స్పీడ్’ అని ఒక్క మాట. జవాబు రాకపోతే చేయవలసినదాన్ని చెప్పాలి, ‘గో అరౌండ్’ అని. అప్పటికీ కదలిక లేకపోతే, ఎదుటివారు స్పృహ తప్పారేమో అన్న అనుమానంతో సమానంగా తీసుకుని, ‘ఐ హావ్ కంట్రోల్’ అని విమానాన్ని తన చేతిలోకి తీసుకోవాలి. కాగితం మీద ఇది మూడు వాక్యాలు. పెద్దాయన మాట్లాడుతుంటే అడ్డురావద్దని, నాయన ముందు గొంతు లేపవద్దని, ఊళ్లో అన్న వరస అయినవారిని పేరు పెట్టి పిలవవద్దని నేర్చి పెరిగిన రాయలసీమ పిల్లలకు, తలనెరిసిన కెప్టెన్‌ను సార్ అని పిలుస్తూనే ఆయన చేతిలోని విమానాన్ని లాక్కోవడం మూడు వాక్యాల పని కాదు. ఆ మర్యాద తప్పనుకోవడం కూడా సరికాదు. కాక్‌పిట్‌లో మర్యాదకు అర్థం వేరని, మౌనంగా ఉండటమే అక్కడ అమర్యాద అని మనసుకు పట్టాలి, అది ఒక్క తరగతితో పట్టదు కనుక సిమ్యులేటర్‌లో శిక్షకులు కావాలని తప్పు చేస్తూ, శిక్షణార్థి ఎప్పుడు నోరు తెరుస్తారో గడియారం పెట్టుకుని చూస్తారు.

కుడి సీటులోనివారి మాటకు విలువ లేని రోజులు హైదరాబాద్ కూడా చూసింది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి బేగంపేట కేంద్రంగా నడిపిన డెక్కన్ ఎయిర్‌వేస్, 1953లో ఇతర సంస్థలతో కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమయ్యే ముందు, దేశంలో తొలి మహిళా వాణిజ్య పైలట్ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగం ఇచ్చింది. ఎనిమిది సంస్థలు కాదన్నాక ఆమెను తీసుకున్న ఘనత ఆ సంస్థదే. అయినా ఆమె కో పైలట్‌గానే ఉండిపోయారు, విమానం పగ్గాలు పూర్తిగా చేతికి రాలేదు, చివరికి ఆ ఉద్యోగం వదిలారు. తర్వాతి కాలంలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన పైలట్లకు సిమ్యులేటర్లతో శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థను హైదరాబాద్‌లోనే నడిపింది. నేడు మన దేశపు పైలట్లలో దాదాపు 15 శాతం మహిళలు, ప్రపంచ సగటు అందులో మూడో వంతు మాత్రమే. ఈ విషయంలో గర్వపడటానికి నిజంగా కారణముంది.

మాట గురించి చెప్పేటప్పుడు ఇంగ్లీషు సంగతి దాటవేయడం న్యాయం కాదు, ఎందుకంటే తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లల మొదటి భయం అదే. అంతర్జాతీయ నియమం ప్రకారం పైలట్లకు ఆరు స్థాయిల్లో కనీసం నాలుగో స్థాయి ఇంగ్లీషు రావాలి. ఆ పరీక్ష వ్యాకరణ సౌందర్యాన్ని కొలవదు. స్పష్టంగా పలకడం, విన్నది అర్థం చేసుకోవడం, అనుకోనిది జరిగినప్పుడు ఉన్న మాటలతో నెట్టుకురావడం కొలుస్తుంది. రేడియోలో వాడే మాటల సంఖ్య తక్కువ, వాటి వరుస మారదు, కంట్రోలర్ చెప్పిన ఎత్తునూ దిశనూ తిరిగి అప్పజెప్పాలి. దీన్ని రీడ్‌బ్యాక్ అంటారు. బడిలో ఎక్కం అప్పజెప్పినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. ఇంగ్లీషు రాదన్న సిగ్గుతో సరిగా వినబడని ఆదేశాన్ని విన్నట్టు నటించడం మాత్రం ఈ వృత్తిలో క్షమించరాని తప్పు, ‘సే అగైన్’ అని అడగడంలో ఏ చిన్నతనమూ లేదు.

ప్రయాణికులతో

సిమ్యులేటర్ పరీక్ష దాటాక కొత్తవారు ప్రయాణికులు లేని నిజమైన విమానంలో లేచి, చుట్టు తిరిగి, దిగి, మళ్లీ లేచి సాధన చేస్తారు. 200 గంటలవారికి సిమ్యులేటర్ ఒక్కటే చాలదు. నేల తాకినప్పుడు నిజమైన విమానం వీపుకు ఇచ్చే సమాధానం వేరుగా ఉంటుంది. లైసెన్సులో ఆ రకం విమానం పేరు ఎక్కిన తర్వాత, కాక్‌పిట్‌లో వెనుకనున్న మూడో సీటులో కూర్చుని చూస్తూ కొన్ని ప్రయాణాలు, ఆపైన శిక్షకుడైన కెప్టెన్ పక్కన కుడి సీటులో, మొదట్లో వెనుక ఒక సేఫ్టీ పైలట్ కాపలాగా ఉండగా, పదుల సంఖ్యలో ప్రయాణాలు ఉంటాయి. సూపర్‌వైజ్డ్ లైన్ ఫ్లయింగ్ అంటే ఇదే. పుస్తకం, యంత్రం, విమానం మూడూ ఒకచోట కలిసేది ఇక్కడే కాబట్టి అలసటా ఇక్కడే ఎక్కువ: కేబిన్ సిబ్బంది కాక్‌పిట్‌లోకి వచ్చి ఒక ప్రయాణికుడికి ఒంట్లో బాగాలేదంటారు, రేడియోలో పౌనఃపున్యం మార్చమంటారు, కెప్టెన్ వాతావరణం అడుగుతారు, అన్నీ ఒకే నిమిషంలో.

ఓర్వకల్లు లాంటి చోట మే నెల మధ్యాహ్నం ఈ చదువుకు మంచి ఉదాహరణ. బయల్దేరే ముందు కో పైలట్ విమానం చుట్టూ నడిచి చూడాలి. టైర్లలో కోతలు, కారుతున్న నూనె, ప్రొపెల్లర్ రెక్కల అంచుల్లో గంట్లు, గాలి వేగాన్ని కొలిచే సన్నని గొట్టానికి వేసిన మూత తీశారా లేదా, అన్నీ కంటితో చూసి, చేత్తో తాకి చూస్తారు. నేల నుంచి వేడి ఆవిరిలా లేస్తుంటుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది, పలచటి గాలిలో రెక్కకు దొరికే ఆనిక తగ్గుతుంది, ఇంజిన్ బలమూ తగ్గుతుంది, అదే బరువు లేపడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. 2000 మీటర్లలో ఆ రోజు ఉష్ణోగ్రతకు ఎంత బరువు లేవగలదో లెక్క వేసి, దాని ప్రకారం వీ వన్ నిర్ణయిస్తారు. ఇద్దరూ వేర్వేరుగా లెక్క వేసి అంకెలు సరిపోల్చుకుంటారు.

పక్షుల సంగతి ఈ ప్రాంతానికి మరీ సొంతం. మిడుతూరు మండలంలోని రోళ్లపాడు పచ్చికబయళ్లను బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించారు; ఎగరగల పక్షుల్లో అత్యంత బరువైన వాటిలో అది ఒకటి. ఆ పిట్ట ఇప్పుడు కనబడటమే అరుదైపోవడం వేరే దుఃఖం. గద్దలు, కొంగలు మాత్రం ఏ రన్‌వే దగ్గరైనా పైలట్లకు పట్టింపే, పక్షి తగిలినప్పుడు ఏం చేయాలన్నది సిమ్యులేటర్‌లో తప్పని పాఠం. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పెద్దబాతుల గుంపు తగిలి రెండు ఇంజిన్లూ ఆగిన ఎయిర్‌బస్ ఏ320ని హడ్సన్ నది మీద దింపినప్పుడు 155 మందీ బతికారు. కెప్టెన్ సలెన్‌బర్గర్ పేరు లోకమంతా విన్నది. కుడి సీటులో ఉన్న జెఫ్రీ స్కైల్స్ ఎన్నో ఏళ్ల అనుభవజ్ఞుడే అయినా ఆ రకం విమానం శిక్షణ అప్పుడే ముగించుకుని వచ్చారు. విమానం లేపింది ఆయనే, పక్షులు తగిలాక కెప్టెన్ నియంత్రణ తీసుకుంటున్నానని చెప్పగానే ఒక్క మాటతో అప్పగించి, ఇంజిన్లు తిరిగి స్టార్ట్ చేసే చెక్‌లిస్టు తెరిచారు. నీళ్ల మీద దిగేముందు ఆ కెప్టెన్ ఆయనను ఇంకేమైనా ఆలోచన ఉందా అని అడిగారు. అంత అనుభవమున్న మనిషి అంత ఇరుకు సమయంలో పక్కవారిని అడగడం శిక్షణకు దక్కిన నిజమైన ఫలం.

ఉద్యోగ జీవితపు నియమాలు ఈ నెలల్లోనే ఒంటికి పడతాయి. విధికి ముందు శ్వాస పరీక్షలో మద్యం ఆనవాలు సున్నా ఉండాలి. ఏడాదికోసారి, వయసు పెరిగేకొద్దీ ఇంకా తరచుగా, వైద్య పరీక్ష ఉంటుంది. తెల్లవారుజామున మూడింటికి లేవాలి, పండగ రోజు వేరే ఊళ్లో హోటల్ గదిలో పడుకోవాలి. అలసట ఈ వృత్తిలో ప్రాణాంతకమని గుర్తించి, డీజీసీఏ 2024లో ప్రకటించిన నియమాల్లో వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచింది. నిద్ర చాలలేదని, ఈ రోజు విమానం నడపలేనని చెప్పే హక్కు కొత్తవారికి కూడా ఉంది, కానీ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది దాన్ని వాడుకోవడానికి నోరు రాదు. తలనెరిసిన కెప్టెన్‌కు స్పీడ్ అని చెప్పడానికి కావలసిన ధైర్యం, రోస్టర్, అంటే ఎవరు ఎప్పుడు నడపాలో చెప్పే పట్టిక, వేసే కార్యాలయానికి నిద్ర చాలలేదని చెప్పడానికి కావలసిన ధైర్యం రెండూ ఒకటే. రెండోదాన్ని నేర్పే సిమ్యులేటర్ లేదు. అది నేర్పవలసిన బాధ్యత సంస్థలది, ఆ మాట చెప్పినవారిని చిన్నచూపు చూడకుండా ఉండటంతోనే అది నెరవేరుతుంది.

చివరి తనిఖీ ప్రయాణంలో పరీక్షకుడు సరేననగానే వెనుక సీటు ఖాళీ అవుతుంది, ఆ మర్నాటి నుంచి పక్కన కూర్చునేది ఏ కెప్టెనో రోస్టర్ చూస్తే గాని తెలియదు. ప్రతికూల వాతావరణంలో కొన్నాళ్లు ల్యాండింగ్ కెప్టెన్ల చేతిలోనే ఉంటుంది. కెప్టెన్ కావడానికి కావలసిన ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సుకు 1500 గంటలు పూర్తి కావాలి, ఎడమ సీటు ఆ పైన ఇంకెంతో దూరంలో ఉంటుంది. ఈలోగా ప్రతి ఆరు నెలలకు ఒకసారి, కొత్తవారికీ ముప్పై ఏళ్లుగా నడుపుతున్నవారికీ ఒకే తీరున, ప్రావీణ్య పరీక్షకు పిలుపు వస్తుంది. మళ్లీ ఆ ఆరు కాళ్ల గది, మళ్లీ రన్‌వే దీపాలు, వీ వన్ దాటిన మరుక్షణం గంట మోగుతుంది, కాలు పెడల్ మీదికి తనంతట తానే వెళుతుంది, చేయి లీవర్ మీద ఆగి, పక్క సీటు నుంచి కన్ఫర్మ్ అన్న మాట వినబడేదాకా అక్కడే ఉంటుంది.